నువ్వు ఆడితే ఆట, నేను ఆడితే జూదమా?

ప్రశ్న: నమస్కారమండి. మా అమ్మకు 61 ఏళ్లు. నాన్న పోయాక ఒంటరిగా ఉంటోంది. ఏడాదిగా ఫోనులో బింగో ఆడుతోంది. మొదట్లో రోజుకు అరగంట ఆడేది. ఇప్పుడు నేను ఎప్పుడు ఫోను చేసినా వెనక అంకెలు చదివే గొంతు వినిపిస్తుంది. పెద్ద మొత్తాలేమీ పోవడం లేదని అంటుంది. నాకు భయం వేసింది డబ్బు గురించి కాదు. పోయిన నెల ఆమె దగ్గర పది రోజులు ఉన్నాను. ఒక రాత్రి పదకొండున్నర దాటాక నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి ఫోను తెరిచింది. ఏమైందంటే, "ఈ రోజు బహుమతి చక్రం తిప్పలేదు, రోజూ తప్పకుండా తిప్పుతూ వచ్చిన 26 రోజుల వరస పోతుంది" అంది. తెర మీద లెవెళ్లు, బ్యాడ్జీలు, స్టిక్కర్ల ఆల్బమ్, ఎంతవరకు వచ్చారో చూపే సగం నిండిన పట్టీ కనిపించాయి. నేను చిన్నప్పటి నుంచి ఆడిన వీడియో గేమ్‌లలో ఉన్నవే అన్నీ. "ఇది జూదం అమ్మా" అన్నాను. "రాత్రంతా నువ్వు ఆడితే ఆట, నేను ఆడితే జూదమా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఈ వయసులో ఇంత తెలివితక్కువతనం ఏమిటని కోపం కూడా వచ్చింది. ఆమెకు ఏం చెప్పాలి? (పేరు వేయవద్దు)

జవాబు: మీ ఉత్తరం చదివి మూడు రోజులైంది. మీ అమ్మగారు అడిగిన ప్రశ్న ఇంకా నా మనసులోనే తిరుగుతోంది. చాలా మంచి ప్రశ్న అది. దానికి సరైన జవాబు చెప్పగలిగితే మీ సమస్య సగం తీరుతుందని నా నమ్మకం. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

అంతకంటే ముందు ఒక మాట. "తెలివితక్కువతనం" అన్న మాటను మీ మనసులోంచి తీసేయండి. రాత్రి పదకొండున్నరకు ఆవిడను నిద్రలేపిన ఆ చక్రం తనంతట తాను పుట్టలేదు. మనిషి ఎప్పుడు విసుగు చెందుతాడో, ఎప్పుడు తిరిగి వస్తాడో తెలిసినవాళ్లు కూర్చుని, ఒక్కో రంగు, ఒక్కో శబ్దం పరీక్షించి చేసిన పని అది. అది పట్టుకున్నది ఆవిడ తెలివితక్కువతనాన్ని కాదు. మొదలుపెట్టిన పనిని పూర్తి చేయాలనుకునే స్వభావాన్ని, మాట ఇస్తే నిలబెట్టుకునే అలవాటును పట్టుకుంది. ఆ గుణాలతోనే ఆవిడ మిమ్మల్ని పెంచి ఉంటారు.

ఇక ఆట సంగతి. బింగో అంటే మనలో చాలామంది తంబోలా, హౌసీ అని పిలిచే ఆటే. 90 అంకెల బింగో టికెట్‌లో మూడు అడ్డు వరసలు, తొమ్మిది నిలువు వరసలు, మొత్తం 15 అంకెలు ఉంటాయి. ఆరు టికెట్ల పూర్తి కట్ట కొంటే 1 నుంచి 90 వరకు ప్రతి అంకె మన దగ్గర ఎక్కడో ఒకచోట ఉంటుంది. కాగితం మీద ఆడేటప్పుడు చెవులు రిక్కించి వినాలి, గబగబా వెతకాలి, గుర్తు పెట్టాలి, గెలిస్తే గట్టిగా అరవాలి. ఫోనులో ఈ పనులన్నీ యంత్రమే చేసేస్తుంది. అంకె పడగానే గడి దానంతట అదే రంగు మారుతుంది. గెలుపును కూడా అదే గమనిస్తుంది. ఫోను పక్కన పెట్టి వేరే గదిలోకి వెళ్లినా ఫలితం మారదు. టికెట్ కొన్న క్షణంలోనే ఆడేవారి పని ముగిసిపోయింది.

మీరు ఆడే గేమ్‌లో అలా కాదు. పన్నెండో లెవెల్‌కు చేరారంటే, పదకొండో లెవెల్లో ఇరవైసార్లు ఓడిపోయి, ఎక్కడ దూకాలో, ఎక్కడ ఆగాలో మీ వేళ్లు నేర్చుకున్నాయని అర్థం. నిండుతున్న ఆ పట్టీ మీరు నేర్చుకున్నదాన్ని చూపిస్తుంది. బింగోలో పన్నెండో లెవెల్ అంటే ఏమిటి? ఆ లెవెల్‌కు సరిపడా టికెట్లు కొన్నారని. అంతకు మించి దానికి అర్థం లేదు. మొదటి లెవెల్లో ఉన్నవారికీ నలభయ్యో లెవెల్లో ఉన్నవారికీ టికెట్టుకు ఉన్న అవకాశం ఒక్కటే. చూడటానికి రెండు పట్టీలూ ఒకేలా ఉంటాయి. ఒకటి నేర్పును కొలుస్తుంది, రెండోది ఖర్చును కొలుస్తుంది. మీ అమ్మగారి ప్రశ్నకు నా జవాబు ఇదే.

అయితే ఈ జవాబు చెప్పేటప్పుడు మీరు నిజాయితీగా ఉండాలి. బింగో యాప్‌లు ఈ లెవెళ్లను, పట్టీలను వీడియో గేమ్‌ల నుంచి అరువు తెచ్చుకున్నాయి, కానీ ఈ అరువు ఒకవైపు నుంచే జరగలేదు. జూదం నుంచి వీడియో గేమ్‌లు కూడా తీసుకున్నాయి. డబ్బు కట్టి, లోపల ఏముందో తెలియకుండా తెరిచే లూట్ బాక్సులు మీకు తెలిసే ఉంటాయి. కొన్ని ప్రసిద్ధ గేమ్‌లలో డబ్బుకు అమ్మిన లూట్ బాక్సులు తమ జూద చట్టం కిందికి వస్తాయని బెల్జియం 2018లో తేల్చి చెప్పింది. మీరు ఆడేవాటిలో అలాంటివి ఉంటే, మీరు వాటికి ఎంత పెట్టారో ముందు మీరే చూసుకోండి. ఆ సంగతి అమ్మగారికి మీరుగా చెప్పండి. అప్పుడు ఆవిడ ముందు మీరు న్యాయాధికారిలా నిలబడాల్సిన అవసరం రాదు.

బింగో నడిపేవాళ్లకు ఈ వేషమంతా ఎందుకు? బింగో నెమ్మదైన ఆట. ఒక్కో ఆటకు కొన్ని నిమిషాలు పడుతుంది. ఆడేవారు చేయాల్సింది ఏమీ లేదు కాబట్టి నేర్పు పెరిగే సంతోషం ఉండదు. నిన్నటి ఆటకూ నేటి ఆటకూ సంబంధం ఉండదు. రేపు మళ్లీ రావడానికి ఆటలోనే కారణం దొరకనప్పుడు ఆ కారణాన్ని బయట నుంచి తెచ్చి అతికించాలి. ఒకప్పుడు "ఇంత కడితే ఇంత అదనం" అనే ప్రకటనలు సరిపోయేవి. ఇప్పుడు అదే అదనాన్ని ముక్కలు చేసి చక్రంలో, పెట్టెలో, ఆల్బమ్‌లో దాచి, రోజూ కొంచెం వెతుక్కోమంటున్నారు. ప్రకటన కాస్తా ఒక గేమ్ అయింది.

చక్రం గురించి క్లుప్తంగానే చెబుతాను. ప్రతిఫలం ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడు ప్రాణి ఆ పనిని మరింత పట్టుదలగా, మరింత కాలం చేస్తుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలు, ఎలుకల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. దాన్నే చక్రం రూపంలో గీశారు. ఒక చిన్న విషయం మాత్రం అమ్మగారికి చెప్పండి. తెర మీద గళ్లన్నీ సమానంగా కనిపించినంత మాత్రాన అన్నింటికీ సమాన అవకాశం ఉండాలని లేదు. ఏ గడి ఎంత తరచుగా రావాలో లోపలి ప్రోగ్రాం నిర్ణయిస్తుంది.

నిండే పట్టీ దగ్గర ఇంకో మెలిక ఉంది. చాలాసార్లు ఆ పట్టీ ఖాళీగా మొదలుకాదు. చేరిన రోజే కొంత నింపి ఇస్తారు. జోసెఫ్ న్యూన్స్, గ్జేవియర్ డ్రేజ్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. కార్లు కడిగే చోట కొందరికి 8 ముద్రలు నిండితే ఒకసారి ఉచితం అనే కార్డు ఇచ్చారు. మరికొందరికి 10 ముద్రల కార్డు ఇచ్చి, అందులో 2 ముందే వేసి ఇచ్చారు. ఇద్దరికీ కావలసింది 8 ముద్రలే. ఖాళీ కార్డు తీసుకున్నవాళ్లలో నూటికి 19 మంది పూర్తి చేస్తే, రెండు ముద్రలు ముందే పడిన కార్డు తీసుకున్నవాళ్లలో 34 మంది పూర్తి చేశారు. "ఇప్పటికే మొదలుపెట్టేశాం కదా" అన్న భావానికి ఉన్న బలం అది.

ఇక స్టిక్కర్ల ఆల్బమ్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చూడటానికి ఇది పసిపిల్లల వ్యవహారంలా ఉంటుంది. 20 స్టిక్కర్ల ఆల్బమ్, ప్యాకెట్‌కు ఒక స్టిక్కర్ అనుకోండి. ఏ మోసమూ లేదు, అన్నింటికీ సమాన అవకాశమే ఉందనుకోండి. మొదటి పది రకాలు రావడానికి సగటున 13 లేదా 14 ప్యాకెట్లు చాలు. సగం ఆల్బమ్ చకచకా నిండిపోతుంది. చివరి ఒక్క స్టిక్కర్ కోసమే సగటున 20 ప్యాకెట్లు తెరవాలి. మొత్తం ఆల్బమ్‌కు దాదాపు 72. అంటే మొదటి సగం కంటే చివరి ఒక్క స్టిక్కరే ఎక్కువ ఖరీదైనది. తయారుచేసినవాళ్లు ఒకటి రెండింటిని కావాలని అరుదుగా ఉంచితే ఈ లెక్క ఎక్కడికో పోతుంది. పైగా ఆల్బమ్‌కు గడువు ఉంటుంది, పక్కనే గడియారం వెనక్కి నడుస్తూ ఉంటుంది. 19 స్టిక్కర్లు అతికించిన ఆల్బమ్‌ను వదిలేసి పడుకోమని ఒక మనిషికి చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. మీరు కూడా వదలలేరు. నేనూ వదలలేను.

బింగోలోనే సహజంగా ఉన్న మరో సంగతి మీకు లెక్కతో చూపిస్తాను. కాగితం ముందు పెట్టుకుని నేనే వేసిన లెక్క ఇది. యాప్‌లో ఒకే ఆట ఆడేవారంతా చేరే ఒక గదిలో 200 టికెట్లు అమ్ముడయ్యాయి, అందులో ఆరు మీ అమ్మగారివి. ఫుల్ హౌస్, అంటే టికెట్‌లోని 15 అంకెలూ అందరికంటే ముందు నిండటం, ఆవిడకు వచ్చే అవకాశం 200లో 6, అంటే నూటికి మూడు. 200 టికెట్లున్న ఆట మామూలుగా 63వ అంకె ప్రాంతంలో ముగుస్తుంది. ఆ సమయానికి గదిలో సగటున నాలుగు టికెట్లు ఒకే ఒక్క అంకె కోసం, మరో పదహారు టికెట్లు రెండే అంకెల కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. ఆరు టికెట్లు ఉన్న మనిషికి వాటిలో కనీసం ఒకటి తనదయ్యే అవకాశం దాదాపు సగానికి సగం. అంటే ఆవిడ నూరు ఆటలాడితే మూడు గెలుస్తారు. దాదాపు యాభై ఆటల్లో మాత్రం "అయ్యో, కొద్దిలో చేజారింది" అనుకుంటారు.

ఇందులో ఎవరి మోసమూ లేదు, లెక్క సహజంగానే అలా పడుతుంది. తెర చేసే పని ఆ "కొద్దిలో" అన్నదాన్ని కళ్లకు కట్టడం. గెలుపుకు దగ్గరగా ఉన్న టికెట్లను పైకి తెస్తుంది. "ఇంకా ఒక్కటే" అని రంగు మార్చి మెరిపిస్తుంది. వీడియో గేమ్‌లో కొద్దిలో ఓడిపోతే నేర్చుకున్నట్టే, మళ్లీ ప్రయత్నించడంలో అర్థం ఉంది. బింగోలో కొద్దిలో ఓడినా, చాలా దూరంలో ఓడినా ఒకటే. అయినా మనసు రెండింటినీ ఒకేలా తీసుకుంటుంది. లూక్ క్లార్క్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధన స్లాట్ యంత్రం (బొమ్మలు గిర్రున తిరిగి, ఒకే వరసలో పడితే డబ్బిచ్చే జూద యంత్రం) లాంటి ఆటతో దీన్ని పరీక్షించింది. గెలిచినప్పుడు స్పందించే మెదడు భాగాలే, కొద్దిలో ఓడినప్పుడు కూడా స్పందించాయి. ఆడినవాళ్లకు ఆ అనుభవం బాధగానే ఉంది, కానీ ఇంకా ఆడాలన్న కోరిక పెరిగింది.

రోజువారీ వరస సంగతి మీరు కళ్లారా చూశారు. రావలసిన లాభం కంటే చేతిలో ఉన్నది పోతుందన్న భయం మనిషిని ఎక్కువ కదిలిస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే వివరించారు. మొదటి రోజు ఆ చక్రం ఒక బహుమతి. 26వ రోజుకు అది కాపాడుకోవలసిన ఆస్తి అయింది. ఆవిడ ఆ రాత్రి లేచింది ఏదో గెలుద్దామని కాదు, ఉన్నది పోకూడదని.

వీటన్నింటి చివర దొరికే "ఉచిత బోనస్" దగ్గర ఒక్కసారి ఆగండి. చాలాచోట్ల ఆ బోనస్‌ను వెంటనే తీసుకోవడానికి వీలుండదు. దానికి ఎన్నో రెట్లు ఆడిన తర్వాతే చేతికి వస్తుంది. ఉదాహరణకు బోనస్ 100, షరతు 10 రెట్లు అయితే మొత్తం 1000కి ఆడాలి. ఆ ఆట సగటున నూటికి 90 తిరిగి ఇచ్చేదైతే, 1000కి ఆడేసరికి పోయేది సగటున 100. బోనస్ అక్కడికక్కడే సరి. బ్రిటన్‌లో జూదాన్ని నియంత్రించే గ్యాంబ్లింగ్ కమిషన్ ఈ షరతు 10 రెట్లకు మించకూడదని 2025లో నిర్ణయించింది. బింగోతో పాటు స్లాట్లు కూడా ఆడితేనే బహుమతి అనే కలగాపులగం ఆఫర్లను కూడా ఆ నిర్ణయంలోనే వద్దంది.

ఆ రెండోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అమ్మగారి తెర మీద "మిషన్" అని, అంటే ఫలానా పని చేస్తే బహుమతి అని, ఉన్నవాటిని ఒక్కొక్కటిగా చదివి చూడండి. బింగో తెరిచినవారిని పక్కనున్న స్లాట్ల వైపు నడిపించేవి వాటిలో ఉన్నాయేమో గమనించండి. బింగోలో ఒక ఆటకు నిమిషాలు పడతాయి. ఆన్‌లైన్ స్లాట్లలో ఒక తిప్పుకు కనీసం రెండున్నర సెకన్లు ఉండాలని బ్రిటన్ 2021లో నియమం పెట్టింది. ఆ నియమం ఉన్నచోట కూడా గంటకు 1440 తిప్పులు సాధ్యమే. పెట్టినదాని కంటే తక్కువ తిరిగి వచ్చినప్పుడు గెలిచినట్టు సంగీతం మోగించకూడదని కూడా అప్పుడే ఆదేశించింది. నష్టానికి గెలుపు పాట పాడే పద్ధతి ఎంతగా ఉండేదో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. తర్వాతిసారి వెళ్లినప్పుడు, ఆవిడ ఆడని సమయం చూసి పక్కన కూర్చోండి. "అమ్మా, ఆ రోజు నువ్వు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడు ఉంది" అని మొదలుపెట్టండి. పట్టీల సంగతి చెప్పండి. తర్వాత మీరు ఆడే గేమ్‌లలో డబ్బు అడగనిదాన్ని ఒకటి ఎంచుకుని ఆవిడ చేతికి ఇవ్వండి. మొదటి లెవెల్ ఆడనివ్వండి. పడిపోతారు, విసుక్కుంటారు, పదోసారికి గోడ దూకుతారు. ఆ క్షణంలో ఆవిడ ముఖం చూడండి. నేను ఇంత రాసి చెప్పిన తేడా ఆవిడ వేళ్లకే తెలుస్తుంది.

మరో రోజు, అదే రోజు మాత్రం వద్దు, ఖాతా చరిత్ర తెరవండి. కట్టిన మొత్తాలు, తిరిగి తీసుకున్న మొత్తాలు అందులో ఉంటాయి. ఒక కాగితం మీద రెండు నిలువు వరసలు గీసి, ఏడాది లెక్క ఆవిడ చేతనే రాయించండి. కూడిక కూడా ఆవిడే చేయాలి. మీరు ఒక్క మాట మాట్లాడవద్దు, ఆ అంకె ఎంతైనా సరే. "పెద్ద మొత్తాలు పోవడం లేదు" అని ఆవిడ అన్నది అబద్ధం కాకపోవచ్చు. గెలిచిన రోజులు గుర్తుంటాయి, చిన్న చిన్న కొనుగోళ్లు గుర్తుండవు. ఎవరికైనా అంతే.

ఆవిడ ఒప్పుకుంటేనే ఫోనులో ఆ యాప్ నోటిఫికేషన్లు ఆపండి. సందేశాలు, మెయిళ్లు రాకుండా చేయండి. అనుమతులతో నడిచే యాప్‌లలో చాలావాటిలో డబ్బు కట్టే పరిమితి, కొన్నాళ్ల విరామం, పూర్తిగా ఖాతా మూసివేత అనే ఏర్పాట్లు ఉంటాయి. అవి మెనూలో లోతుగా ఉండవచ్చు, ఓపికగా వెతకండి. ఫోను లాక్కోవడం, రహస్యంగా యాప్ తీసేయడం మాత్రం చేయకండి. ఆవిడ పెద్ద మనిషి. ఒక్కసారి దాచుకోవడం మొదలుపెడితే మీకు ఏమీ తెలియదు.

మీరు రాయని విషయం ఒకటి అడుగుతాను. ఆ యాప్‌లో ఆవిడ ఎవరితో మాట్లాడుతున్నారు? చాలా బింగో గదుల్లో మాటల పెట్టె (చాట్) ఉంటుంది. దాన్ని నడిపే మనిషి వచ్చినవారిని పేరు పెట్టి పలకరిస్తుంది, రాకపోతే అడుగుతుంది. ఒంటరిగా ఉండే మనిషికి రోజూ పేరు పెట్టి పిలిచే ఒక గొంతు ఎంత విలువైనదో నేను చెప్పనక్కరలేదు. అది జీతానికి పలకరించే గొంతే కావచ్చు, కానీ అక్కడ ఆవిడకు నిజమైన స్నేహితులూ దొరికి ఉండవచ్చు. వాళ్ల పేర్లు అడిగి తెలుసుకోండి. ఆవిడకు నమ్మకం ఉన్న ఒకరిద్దరితో యాప్ బయట ఫోనులో మాట్లాడుకునే ఏర్పాటు చేసుకోమనండి. టికెట్ కొనకపోయినా ఆ స్నేహం నిలవాలి కదా.

అప్పు చేసి ఆడుతున్నా, పోయినదాన్ని రాబట్టుకోవాలని మళ్లీ కడుతున్నా, లెక్క అడిగితే అబద్ధం చెబుతున్నా, మానేద్దామని తానే అనుకుని మానలేకపోతున్నా ఆలస్యం చేయవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో జూద వ్యసనం ఉంది. దానికి చికిత్స ఉంది. మానసిక వైద్యుల దగ్గరకు మీరే తోడుగా తీసుకెళ్లండి. మీరు రాసినదాన్నిబట్టి ఆవిడ ఇంకా అంత దూరం వెళ్లలేదనే అనిపిస్తోంది, కానీ ఖాతా లెక్క చూశాకే ఆ మాట గట్టిగా అనగలం.

చివరగా ఆ వరస సంగతి. దాన్ని ఎప్పుడో ఒక రాత్రి తెంచాలి. ఏ రాత్రో ఆవిడనే నిర్ణయించుకోమనండి. ఆ రోజుకు మీరు అక్కడికి వెళ్లండి. పన్నెండు దాటేవరకు ఇద్దరూ మేలుకుని కూర్చోండి. నాన్నగారి గురించి మాట్లాడుకోండి, ఏదైనా మాట్లాడుకోండి. పొద్దున్న తెర మీద సున్నా కనిపిస్తుంది. ఆవిడకు బాధేస్తుంది, నిజంగానే వేస్తుంది. ఆ పూట మాత్రం మీరు తిరుగు ప్రయాణం పెట్టుకోకండి.